పైపు మూతి దగ్గర చెయ్యి

జూన్ 3, సోమవారం

ఆసుపత్రి పని మాకే వచ్చింది. పొద్దున ముగ్గురం వెళ్ళి చూసి వచ్చాం. వెనక సందులో ట్రాన్స్‌ఫార్మర్ గది పక్కన ఒక గొయ్యి, సందు చివర బట్టలుతికే గది గోడవారగా ఇంకో గొయ్యి, రెంటి మధ్యా నేలలో ఒక పైపు. పైపులో మూడు పాత కేబుళ్ళు. ఎవరి కాలంలో వేశారో, సీసపు తొడుగు, దాని చుట్టూ ఇనుప పట్టీ, ఆ పైన తారు పూసిన గోనె. వాటిలో కరెంటు పోయి చాలా కాలమైంది. మూడింటినీ లాగేసి పైపు ఖాళీ చేసి ఇస్తే కొత్తది వేసుకుంటారట.

"తవ్వటానికి మాత్రం వీల్లేదండీ. అంబులెన్సులు వచ్చే దారి ఇదొక్కటే," అంది ఆసుపత్రి ఇంజనీరమ్మాయి.

గునపం బాబాయి ముఖం మాడిపోయింది. ఏ సమస్య చెప్పినా "తవ్వేద్దామా?" అంటాడు కాబట్టే ఆయనకా పేరు. పన్ను నొప్పి అని చెప్పినా అదే అంటాడు. మా ఆయన మాత్రం మీసాల్లో నవ్వుకున్నారు. తవ్వకుండా లాగటమే కదా ఆయన విద్య.

ఆ విద్య ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాదు. అవతలి గోతిలో బాబాయి చెక్క సుత్తితో ఒక్కో కేబులునీ తడుతుంటాడు. ఇవతలి గోతిలో ఈయన పైపు మూతి దగ్గర కూర్చుని, కేబుళ్ళ కొసల మీద వేళ్ళు ఆనించి కళ్ళు మూసుకుంటారు. ఒకదాన్ని తడితే రెండు వణికాయంటే ఆ రెండూ లోపల పెనవేసుకున్నట్టు. తనొక్కటే వణికిందంటే దానికి ఎవరి గొడవా లేనట్టు, దాన్నే ముందు లాగాలి. పెనవేసుకున్నదాన్ని ముందు లాగామా, జడ బిగించినట్టు అన్నీ బిగుసుకుపోతాయి, ఆ తర్వాత దేవుడు దిగొచ్చినా కదలవు. పనివాళ్ళందరూ ఈయన్ని నాడి డాక్టరు అంటారు. నాకు లోపల్లోపల గర్వమే. పైకి ఒప్పుకోను, నెత్తికెక్కి కూర్చుంటారు.

తాడు చుట్టి లాగే యంత్రం, వించ్, నాది. పెళ్ళయిన కొత్తలో "ఆ లివరు కాస్త నొక్కవే" అన్నారు. ఇప్పటికీ నొక్కుతూనే ఉన్నాను.

జూన్ 4, మంగళవారం

నాడి చూడటం అయింది. ఇంతసేపు ఎప్పుడూ చూడలేదు. "మళ్ళీ తట్టమను" అంటారు, నేను పైనుంచి కేక వేస్తాను, బాబాయి తడతాడు. "ఇంకోసారి" అంటారు. చివరికి సందు చివర నుంచి బాబాయి, "పేషెంటు ఉన్నాడా, పోయాడా? ఏదో ఒకటి చెప్పమనమ్మాయ్!" అని అరిచాడు.

"ఎడమది ముందు లాగుదాం," అన్నారు ఈయన.

నేను గోతి అంచున వంగి చూస్తూనే ఉన్నాను. ఎడమది వణికినప్పుడల్లా, మధ్యదాని కొసకి వేలాడుతున్న నీటిబొట్టు కూడా వణికినట్టు అనిపించింది. నా కళ్ళద్దాలు మార్చుకోవాలి. ఆయన వేళ్ళకి తెలియనిది నా కళ్ళకి తెలుస్తుందా?

టీ తెచ్చారు, పొగలు కక్కుతూ. నేను రుమాలు చుట్టి పట్టుకున్నాను. ఈయన ఉత్త చేత్తో గ్లాసు చుట్టూ వేళ్ళన్నీ వేసి పట్టుకుని తాపీగా కబుర్లు చెబుతున్నారు. పనిచేసే చెయ్యి, కాయలు కాసిన చెయ్యి, అలాగే ఉంటుంది మరి.

జూన్ 5, బుధవారం

ఎడమది మూరెడు వచ్చి ఆగిపోయింది. తాడు బిర్రబిగిసి వించ్ ముందు కాళ్ళు నేల మీంచి లేచాయి. గోతిలో ఈయన కేబులు మీద చెయ్యి వేసి, "వస్తోంది, లాగు, వస్తోంది!" అంటున్నారు. రావటం లేదు. నాకు ఇంజను చప్పుడులోనే తెలుస్తోంది. అయినా లాగాను, ఆయన లాగమన్నారు కదా.

"బురద గట్టిపడింది లోపల," అన్నారు చివరికి. సబ్బు నీళ్ళు పోశాం.

జూన్ 6, గురువారం

బురదే. సబ్బు నీళ్ళు.

జూన్ 7, శుక్రవారం

పొద్దున అత్తయ్యగారు నన్ను వంటింట్లో పట్టుకున్నారు. ఆవిడకి కళ్ళు సరిగా ఆనవు, కానీ ఈ ఇంట్లో ఆవిడకి కనపడనిది లేదు.

"వాడు చొక్కాలు తొడగటం మానేశాడు, చూశావా?"

"టీషర్టులు హాయిగా ఉంటున్నాయిట, అత్తయ్యా."

"ఎవరన్నారు?"

"ఆయనే."

"మెడ దాకా గుండీలు పెట్టుకుని నిద్రపోయే వెధవ వాడు. వాడికి టీషర్టు హాయిగా ఉందా?"

"వయసు మళ్ళుతోంది కదా, షోకులు మొదలయ్యాయి," అన్నాను.

ఆవిడ నవ్వలేదు. "నాకు చెప్పకపోతే పోయావు. నీకు నువ్వయినా చెప్పుకో," అని చేతికర్ర టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయారు.

ఏం చెప్పుకోవాలి? టీషర్టులు హాయిగానే ఉంటాయి. ఉతకటం తేలిక. ఇస్త్రీ గొడవ లేదు.

జూన్ 8, శనివారం

రాయాలని లేదు. రాస్తాను.

మధ్యాహ్నం కుళాయి దగ్గర ఈయన చేతులు కడుక్కుంటుంటే నీళ్ళు ఎర్రగా పారాయి. చూపుడు వేలిలో ఇనుప పట్టీ ముక్క దిగి ఉంది. చేతి తొడుగు చీల్చుకుని మరీ దిగింది. "అరె, ఇదెప్పుడు గుచ్చుకుంది?" అని నవ్వారు, పక్కవాడి వేలు చూసినట్టు. నేను చెయ్యి పట్టుకుని పట్టకారుతో లాగాను. లాగుతున్నంతసేపూ బాబాయితో ఏదో మాట్లాడుతూనే ఉన్నారు. కాలిలో ముల్లు దిగితే ఇల్లు ఎగిరిపోయేలా అరిచే మనిషి. రెప్ప కూడా ఆడించలేదు.

ఆయన చెయ్యి ఎక్కడ పెడతారో నాకు తెలుసు. పైపు మూతికీ, కేబులు పైకి మళ్ళే ఇనుప కప్పీకీ మధ్య, నడుస్తున్న కేబులు మీద. పెట్టకూడదని అందరికీ చెబుతారు, తను మాత్రం పెడతారు. కేబులు మీద చెయ్యి లేకపోతే తనకి తోచదంటారు. కేబులు మీద చీలిన పట్టీ ఏదైనా తొడుగుకి తగులుకుంటే చెయ్యి కప్పీ కిందికి పోతుంది. ఇన్నాళ్ళూ నాకు భయం లేకపోవటానికి కారణం ఒకటే. తగులుకోగానే ఆయనకి తెలుస్తుంది, అరుస్తారు, నేను ఆపుతాను.

తెలియకపోతే అరవరు. అరవకపోతే నేను ఆపను. లివరు నా చేతిలో ఉంటుంది.

సాయంత్రం దాకా ఉండకుండానే ఇంజను ఆపేశాను. వేడెక్కిందని చెప్పాను. వేడెక్కలేదు.

జూన్ 10, సోమవారం

వించ్‌కి బాగాలేదు.

జూన్ 11, మంగళవారం

వించ్‌కి ఇంకా బాగాలేదు. అబద్ధాలు నాకు బాగానే వస్తున్నాయి. ఇంజను చప్పుడు తేడాగా ఉందన్నాను. గునపం బాబాయి చెవి ఆనించి శ్రద్ధగా విని, "అవునమ్మాయ్, దగ్గుతోంది," అన్నాడు. పాపం, ఏం విన్నాడో!

ఇంజనీరమ్మాయి వచ్చి వారం లోపల అవుతుందా అని మర్యాదగానే అడిగింది. అవుతుందన్నాను. అదొక అబద్ధం.

జూన్ 12, బుధవారం

వించ్ తనే విప్పి చూస్తానని ఈయన కూర్చున్నారు. వద్దంటే వినే ఘటమా? తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. గోతి పక్కన పట్టా పరిచి, రెంచీలన్నీ వరసగా పేర్చుకుని మొదలుపెట్టారు. నేను ఎదురుగా చతికిలబడ్డాను.

మొదటి బోల్టు జారింది. తీసి ఇచ్చాను. రెండోదీ జారింది. "నూనె," అన్నారు. నూనె ఎక్కడా లేదు. ఒక చిన్న నట్టుని బొటనవేలూ చూపుడువేలూ మధ్య పట్టుకుని మర మీద పెట్టి తిప్పటం మొదలుపెట్టారు. తిప్పుతూనే ఉన్నారు. చేతిలో నట్టు లేదు. అది ఎప్పుడో జారి మోకాలి దగ్గర పడి ఉంది. ఉత్త వేళ్ళు తిరుగుతున్నాయి.

నేను చూశాను. నేను చూడటం ఆయన చూశారు.

"దీనికి ఏ రోగమూ లేదు, అవునా?" అన్నారు వించ్ వైపు చూస్తూ.

"లేదు."

"ఎప్పట్నుంచీ తెలుసు నీకు?"

"మీకు ఎప్పట్నుంచీ?"

కాసేపు రెంచీలు సర్దారు. "చలికాలంలో మొదలైందే. వేలి కొసలు మొద్దుబారాయి. చలికి అనుకున్నాను. తర్వాత ఎండాకాలం వచ్చింది. ఇంక దేనికి అనుకోను?"

"మరి ఇన్ని పనులు ఎలా చేశారండీ?"

"ఊహించి. మొన్నటిదాకా తప్పలేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడుపు రావాల్సింది, కోపం వచ్చింది. "మీ చెయ్యి నలిగితే నలిగేది మీ చెయ్యే. నలిపేది ఎవరు? నేను! నా చేత్తో లివరు నొక్కి మీ వేళ్ళు తీసేస్తే ఆ తర్వాత నేను ఏం తిని బతకాలి, ఎలా నిద్రపోవాలి? అది ఆలోచించారా?"

నోరు తెరిచి నా వైపు చూశారు. అబద్ధం చెప్పటానికి కూడా ప్రయత్నించలేదు. "లేదే. చెయ్యి పోతుందేమో అనే భయపడ్డాను. లాగేది నువ్వని ఒక్కసారి కూడా తట్టలేదు నాకు."

సరిగ్గా అప్పుడే బాబాయి వచ్చి, "ఏమిటి సంగతి, తవ్వేద్దామా?" అన్నాడు. మేమిద్దరం నవ్వటం మొదలుపెట్టి ఆపలేకపోయాం. ఆయన కళ్ళు తుడుచుకున్నారు, నేనూ తుడుచుకున్నాను. బాబాయి తన మాటకి ఇంత నవ్వు వచ్చినందుకు పొంగిపోయాడు.

జూన్ 13, గురువారం

గోడకి అటు వైపు ఆసుపత్రి, ఇటు వైపు మేము. ఇన్నాళ్ళూ ఆ గోడ దాటని మనిషిని ఈరోజు చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాను. షుగరు. నరాలు దెబ్బతిన్నాయట. మందులు, నడక, నోరు కట్టుకోవటం. ఇంకా చెడకుండా చూసుకోవచ్చు, పోయిన స్పర్శ తిరిగొస్తుందని మాత్రం మాట ఇవ్వలేనన్నాడు డాక్టరు. యంత్రాల దగ్గర చేతులు పెట్టొద్దన్నాడు. కళ్ళు మూయించి వేళ్ళ మీద దూది ఆనించి, తెలుస్తోందా అని అడిగాడు. ఈయన ప్రతిసారీ "ఆఁ, తెలుస్తోంది" అన్నారు. దూది ఆనించనప్పుడు కూడా.

జూన్ 14, శుక్రవారం

ఇంట్లోనే ఉన్నారు.

సాయంత్రం కిటికీ దగ్గర కూర్చుని, "నాడి డాక్టరు పోయాడే," అన్నారు.

"పోతే పోయాడు. నేనేం డాక్టరుని చేసుకోలేదు, మిమ్మల్ని చేసుకున్నాను," అన్నాను.

లోపలి నుంచి అత్తయ్యగారు, "ఇద్దరూ ఆ పాడు మాటలు ఆపి భోజనానికి రండి. వాడికి చొక్కా తొడిగి తీసుకురా," అని కేకేశారు. తొడిగాను. గుండీలు మెడ దాకా పెట్టాను. పెడుతున్నంతసేపూ గడ్డం పైకెత్తుకుని చిన్నపిల్లాడిలా నిలబడ్డారు. నాకు గుండె కరిగి నీరయింది, ఆ గడ్డం మీద ముద్దు పెట్టేశాను. ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

జూన్ 15, శనివారం

"పని వదిలేద్దాం. ఆ అమ్మాయికి చెప్పేస్తాను," అన్నారు పొద్దున్నే.

"ఎందుకు వదలటం? గోతిలోకి నేను దిగుతాను. మీరు వించ్ దగ్గర ఉండండి."

"నీకు రాదు."

"నేర్పండి."

"అది నేర్పితే వచ్చేది కాదే."

"మీరే నేర్చుకున్నారంటే మరీ అంత కష్టమైందేం కాదులెండి."

చాలా రోజులకి ముఖంలో ఆ పాత పొగరు కనిపించింది. మెల్లగా లేచారు. వరండా కిటికీ ఊచలకి మూడు లావుపాటి తీగలు కట్టి, రెండింటిని మెలేసి, గది అవతలి గోడ మేకులకి బిగించి కట్టమన్నారు. నా చేత్తోనే కట్టించారు. అత్తయ్యగారిని అవతల కుర్చీలో కూర్చోబెట్టి చేతికర్రతో తట్టమన్నారు.

"ఈ వయసులో నాకు ఉద్యోగమా?" అన్నారు ఆవిడ. అన్నారే గానీ మహా ఉత్సాహంగా వాయించారు.

"అంత గట్టిగా పట్టుకోకు. పట్టుకుంటే నీ చెయ్యే నీకు తెలుస్తుంది. నిద్రపోయే పసిపిల్ల వేలు పట్టుకుంటావు చూడు, అలాగ. ఊఁ. ఊపిరి వదులు. ఇప్పుడు?"

"ఏమీ లేదు."

"ఇప్పుడు?"

"మీరు మాట్లాడుతుంటే ఎలా తెలుస్తుందండీ!"

విసుక్కున్నారు, నేనూ విసుక్కున్నాను, అత్తయ్యగారు ఇద్దర్నీ విసుక్కున్నారు. మధ్యాహ్నానికి ఏమీ రాలేదు. సాయంత్రం ఎందుకో, విసిగిపోయి ఊరికే వేళ్ళు ఆనించి వంట గురించి ఆలోచిస్తుంటే, చీమ నడిచినట్టు రెండు తీగల్లో ఒకేసారి వచ్చింది.

"ఈ రెండూ!" అని అరిచాను.

ఆయన నా ముఖంలోకి చూస్తూ ఉండిపోయారు. సంతోషమో, దిగులో. రెండూ ఉన్నాయి, నాకు తెలుసు.

జూన్ 17, సోమవారం

వించ్‌ని అవతలి గోతి దగ్గరికి లాక్కెళ్ళి, బిగుసుకున్న ఎడమదాన్ని మూరెడూ వెనక్కి లాగాం. ఆ తర్వాత వించ్‌ని మళ్ళీ ఇవతలికి తెచ్చాం. రోజంతా దానికే పట్టింది. బురద లేదు లోపల. ఆ మాట నేను అనలేదు, బాబాయి అనబోతే కాలు తొక్కాను.

"బురద లేదు. నేనే తప్పు చెప్పాను," అన్నారు ఈయనే, ఇంజనీరమ్మాయి ముందు. చెవులు ఎర్రబడ్డాయి. ఆ అమ్మాయి "సరేనండీ, ఇప్పుడు కదులుతుంది కదా?" అని ఊరుకుంది. మంచి పిల్ల.

రేపు నేను దిగాలి. కేబులు కదలగానే చెయ్యి తీసేస్తానని నా చేత మూడుసార్లు ఒట్టు వేయించుకున్నారు. తను ఒక్కనాడూ తియ్యలేదు, అది వేరే సంగతి.

జూన్ 18, మంగళవారం

గోతిలో కూర్చుంటే పైన లోకం వేరేగా ఉంటుంది. ఆకాశం పలకంత. సందు చివరి బట్టలుతికే గది నుంచి వేడి సబ్బు వాసన. గోతి అంచున వించ్, దాని పక్కన మా ఆయన మోకాళ్ళు. ఆయన ముఖం చూడాలంటే మెడ ఎత్తాలి. ఇన్నేళ్ళూ నా మోకాళ్ళే చూశారన్నమాట పాపం.

తొడుగులు తీసి మూడు కొసల మీదా వేళ్ళు ఆనించాను. బాబాయి తట్టాడు. ఎడమదీ మధ్యదీ కలిసి వణికాయి. మళ్ళీ తట్టాడు, మళ్ళీ ఆ రెండూ. మూడోసారి కుడిది. తనొక్కటే. మిగతా రెండూ నిశ్శబ్దంగా ఉన్నాయి.

"కుడిది!" అన్నాను.

"రూఢీగానా?"

"రూఢీగా."

ఆయన ఇంకేం అడగలేదు. తాడు తగిలించాను, తొడుగులు వేసుకున్నాను. వించ్ మొదలుపెట్టారు. ఎంత మొరటుగా నడుపుతారో! కుదుపుకి నా పళ్ళు కదిలాయి. తిడదామని తల ఎత్తేలోపల, చేతి కింద కేబులు కదిలింది.

అది ఎలా రాయాలో నాకు తెలియదు. ఎన్నో ఏళ్ళుగా నేలలో పడుకున్న బరువు, మొదట ఒక వణుకు, తర్వాత ఒక నిట్టూర్పు, తర్వాత మెత్తగా, జారుతూ, నా అరచేతి కింద నుంచి బయటికి నడిచి వస్తోంది. లాగుతున్నామని కాదు, తనే వస్తానంటోంది. ఈయన ఎందుకు చెయ్యి తీసేవారు కాదో అప్పుడు అర్థమైంది. నేనూ తియ్యలేదు. మూడు ఒట్లూ గుర్తున్నాయి, అయినా తియ్యలేదు.

మణికట్టు దగ్గర తొడుగు లటుక్కున బిగిసింది. చీలిన ఇనుప పట్టీ. చెయ్యి కప్పీ వైపు జరిగింది, నోరు తెరిచాను.

వించ్ ఆగిపోయింది.

నేను అరవలేదు. అరవకముందే ఆగింది. తల ఎత్తి చూస్తే ఆయన తాడు వైపు గానీ ఇంజను వైపు గానీ చూడటం లేదు. మొదట్నుంచీ చూడలేదని ఇప్పుడు తెలుస్తోంది, అందుకే ఆ కుదుపులు. గోతి అంచు మీద వంగి నా చేతినే చూస్తున్నారు.

దిగి వచ్చారు. తిడతారనుకున్నాను. చీలిన పట్టీ నుంచి తొడుగు విడిపించి, దాన్ని లాగేసి, నా వేళ్ళు ఒక్కొక్కటే తిప్పి తిప్పి కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశారు.

"ఏం కాలేదండీ. పట్టుకుంటే తెలియటం లేదా?" అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను.

"తెలియటం లేదే. అందుకే చూస్తున్నాను," అన్నారు.

మళ్ళీ చూశారు. ఇంకా నమ్మకం కుదరలేదేమో, నా చేతిని అలాగే ఎత్తి, తారూ మట్టీ ఉందని కూడా చూడకుండా తన చెంపకి ఆనించుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. కేబుళ్ళ దగ్గర కూర్చున్నప్పుడు మూసుకునేవారే, అలాగ.

"ఇక్కడ తెలుస్తోంది," అన్నారు.

సందు చివర నుంచి బాబాయి ఏమైందని కేకలేస్తున్నాడు.

కుడిది మధ్యాహ్నానికి వచ్చేసింది. మిగతా రెండింటినీ విడదీసే పని పెట్టుకోకుండా కలిపి కట్టి లాగితే సాయంత్రానికి కలిసే వచ్చాయి. నేను చెయ్యి దూరంగానే పెట్టుకున్నాను. పైపు ఇటు నుంచి అటు దాకా ఖాళీ.

ఇంటికి రాగానే అత్తయ్యగారు, "వాడి చెంప మీద ఆ నల్ల మరక ఏమిటే?" అన్నారు. కళ్ళు ఆనవంటారు, అదెలా కనిపించిందో! "తారు," అన్నాం ఇద్దరం ఒకేసారి. ఆవిడ మమ్మల్ని కాసేపు అలాగే చూసి, "ఊఁ," అని సబ్బు తేవటానికి వెళ్ళారు.

ఈయన కడుక్కోనంటున్నారు.